ఇరవై ఏడు కమానులు

మొదట్లో ఆ దేశానికి ఉన్నది రెండు వందల తిండి, రెండు వందల కలప, నూరు రాయి, ముగ్గురు పనివాళ్ళు, ఒక గుర్రపు రౌతు.

ఆ రెండు వందల తిండిలోంచి యాభై ఖర్చుపెట్టి నాలుగోవాణ్ణి పుట్టించారు. వాడు ఊరి చావిడి గుమ్మంలోంచి మీసంతో సహా, తలపాగాతో సహా బయటికి వచ్చాడు. కళ్ళు నులుముకుని, చుట్టూ చూసి, అన్న మొదటి మాట ఇది: "అయితే ఇంకో నూట యాభై మిగిలిందన్నమాట."

గుమ్మం దగ్గర నిలబడ్డ ముగ్గురూ ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు.

"అమ్మో, వీడు పుట్టడమే లెక్కతో పుట్టాడు," అంది రెండో ఆమె.

అది కంప్యూటరు తెర లోపలి దేశం. పాతకాలపు రాజ్యాలు కట్టి, సైన్యాలు లేపి, పక్కవాడి కోట కూల్చే ఆట అది. ఆడేవాడి మొహం లోపలివాళ్ళు ఎవరూ చూడలేదు. వాళ్ళకు తెలిసిందల్లా ఆకాశంలోంచి దిగే వేలు. వేలు తలమీద తాకితే కాళ్ళ కింద పచ్చటి వలయం వెలుగుతుంది. ఆ తర్వాత వేలు ఎక్కడ తాకితే అక్కడికి పోవాలి. చెట్టును తాకితే నరకాలి. పొదను తాకితే పళ్ళు కొయ్యాలి. బండను తాకితే కొట్టాలి. అందరూ "చిత్తం" అనేవాళ్ళు. ఎవరి రాగం వాళ్ళది.

పేర్లు పెట్టే తీరిక అక్కడ ఎవరికీ లేదు. పుట్టిన వరసే పేరు. ఒకటో ఆయన పొలం దున్నుతాడు, ఆయన్ని అందరూ మావా అంటారు. రెండో ఆమె పళ్ళు కోస్తుంది, ఆమె అక్క. మూడోవాడు ఆ రోజే కలపకోసం అడవిలోకి పోయాడు. దూరంగా గొడ్డలి చప్పుడు వినిపిస్తే అది అతనే అనుకోవాలి. ఈ కథలోకి అతను మళ్ళీ రాడు.

కొత్తగా పుట్టినవాళ్ళను ఊరంతా తిప్పి ప్రతిదాని ఖరీదూ, ఉపయోగమూ చెప్పడం ఆ దేశపు ఆచారం. ఆ రెండూ తెలిశాకే మనిషి పనికి ఎక్కుతాడు. నాలుగోవాణ్ణి తిప్పే బాధ్యత మావ తీసుకున్నాడు.

"ఇది ఇల్లు. ముప్ఫై కలప. ఐదుగురు పడతారు."

"అంటే మనిషికి ఆరు కలప."

"ఇది గాదె. నూరు కలప. తిండి దాచుకోవచ్చు. ఇది మేక. నూరు తిండి."

"మేక పుట్టించడానికి ఎంత?"

"మేకను పుట్టించరు. దొరుకుతుంది."

"అయితే ఆ నూరూ లాభమే," అన్నాడు నాలుగోవాడు, మేక కళ్ళలోకి చూస్తూ. మేక మొహం పక్కకు తిప్పుకుంది.

అలా తిరుగుతూ తిరుగుతూ తూర్పు మైదానానికి వచ్చారు. అక్కడ గడ్డి మధ్యలో ఒక నీటివంతెన ఉంది. పాతకాలం రాజులు కొండ మీది నీళ్ళను ఊళ్ళోకి తెచ్చుకోవడానికి కట్టించే తరహా రాతి వంతెన. ఎత్తైన స్తంభాలు, స్తంభానికీ స్తంభానికీ మధ్య కమాను, కమాను మీద కాలువ. నాలుగోవాడు లెక్కపెట్టాడు. ఇరవై ఏడు కమానులు.

కానీ దానికి కొండ లేదు, ఊరూ లేదు. గడ్డిలో మొదలై గడ్డిలోనే ఆగిపోయింది. ఒక కొసన నీళ్ళు ఎక్కే చోటు లేదు, రెండో కొసన దిగే చోటు లేదు. తొమ్మిదో స్తంభం మీద పాచి, పదహారో స్తంభం మీద చిన్న పగులు. ఆ పాచి పెరగదు, ఆ పగులు విచ్చుకోదు.

"ఇదెంత మావా?"

మావ గొంతు సవరించుకున్నాడు. "ఇది ఎంతా కాదు."

"అదేంటి? ఎంత రాయి పడితే లేచింది?"

"ఎవరూ లేపలేదు. మేం వచ్చేసరికే ఉంది."

"పోనీ, ఎందుకు ఉంది?"

మావ అటూ ఇటూ చూశాడు. ఆ ప్రశ్న వేలికి వినిపిస్తుందేమోనన్నట్టు గొంతు తగ్గించాడు. "ఊరికే."

నాలుగోవాడికి ఆ మాట అర్థం కాలేదు. పుట్టి ఇంకా గంట కాలేదు గనక, తనకు ఇంకా రాని లెక్కేదో అందులో ఉందనుకున్నాడు.

నిజానికి అందులో ఏ లెక్కా లేదు. ఆట తయారుచేసినవాళ్ళలో ఒకతను ఒక మధ్యాహ్నం టీ తాగుతూ, ఈ మైదానం మరీ బోసిగా ఉందే అనుకుని, ఆ వంతెనను గీసి అక్కడ పెట్టాడు. బాగుంది అనుకున్నాడు. టీ అయిపోయింది. అంతే.

నాలుగోవాడికి రాళ్ళు కొట్టే పని పడింది. రాతిగని వంతెనకు అవతల ఉంది. చావిడి ఇవతల. మధ్యలో పద్నాలుగో కమాను. ఆ కమానులోంచి చూస్తే గని ఎదురుగా, చెయ్యి చాస్తే అందేటంత దగ్గరలో కనిపిస్తుంది. కానీ వేలు గనిని తాకగానే వాడి కాళ్ళు కమాను వైపు పోలేదు. వంతెన పక్కనే నడుచుకుంటూ పోయి, చివరి స్తంభం చుట్టూ తిరిగి, మళ్ళీ అంత దూరమూ వెనక్కి వచ్చి గనికి చేర్చాయి. వాడు అడుగులు లెక్కపెట్టాడు. నలభై ఆరు.

గనిలో మూడు వందల యాభై రాయి ఉంది. తట్టకు పది పడుతుంది. సాయంత్రానికల్లా వాడు మావ పొలం గట్టుమీద కూర్చుని పుల్లతో మట్టిలో గీస్తున్నాడు.

"మావా, చుట్టూ తిరిగితే నలభై ఆరు. కమానులోంచి పోతే పన్నెండు. ముప్ఫై నాలుగు దండగ. పోను, రాను అరవై ఎనిమిది. ముప్ఫై ఐదు తట్టలు. మొత్తం రెండు వేల మూడు వందల ఎనభై అడుగులు మట్టికొట్టుకుపోతున్నాయి. మనం కమానులోంచి ఎందుకు పోం?"

"అక్కడ దారి లేదు కాబట్టి."

"కనిపిస్తోందిగా!"

"కనిపిస్తుంది. లేదు."

"ఎవరైనా వెళ్ళి చూశారా?"

"లేని దారిలో ఎవడు వెళతాడురా?" అన్నాడు మావ, ఇంతకంటే తేలిగ్గా చెప్పడం తనవల్ల కాదన్నట్టు. "కాళ్ళకు తెలుసు. నువ్వు బుర్ర అడ్డం పెట్టకు."

మర్నాడు నాలుగోవాడు తట్ట నెత్తిన పెట్టుకుని, పళ్ళు బిగించి, కాళ్ళను బలవంతంగా పద్నాలుగో కమాను వైపు తిప్పాడు. ఆరడుగులు బాగానే వేశాడు. ఏడో అడుగులో ముక్కు గాలికి కొట్టుకుంది. గాలే, కానీ గోడలాంటి గాలి. తట్టలోంచి ఒక రాయి జారి బొటనవేలు మీద పడింది. వేలు ఆకాశంలోంచి వచ్చి, వీడికేమొచ్చిందన్నట్టు వీపుమీద రెండుసార్లు పొడిచింది. వాడు కుంటుకుంటూ నలభై ఆరు అడుగుల దారి పట్టాడు.

ఆ కమాను కిందే అక్క కూర్చుని ఉంది. పొదకూ చావిడికీ మధ్య ఆమె బుట్ట దించి ఒక్క క్షణం కూర్చునే చోటు అదే. తల ఎత్తి పైన రాతి కాలువను చూస్తోంది. వాడి ముక్కు చూసి చీరకొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"నవ్వకక్కా. రెండు వేల మూడు వందల ఎనభై అడుగులు."

"నవ్వడం లేదురా. విను. పైన నీళ్ళు పోతున్న చప్పుడు వినిపించడం లేదూ?"

వాడు విన్నాడు. ఏమీ వినిపించలేదు. మర్యాదకోసం అడిగాడు: "ఎన్ని నీళ్ళు?"

అక్క ఈసారి కొంగు అడ్డం పెట్టుకోలేదు. పడీపడీ నవ్వింది.

దేశం పెరిగింది. ఇళ్ళు లేచాయి, గాదెలు లేచాయి. చేపలవాళ్ళు వచ్చారు, వడ్రంగులు వచ్చారు, విలుకాళ్ళు వచ్చారు. ఆకాశం మూలన మనుషుల లెక్క ఎప్పుడూ కనిపిస్తూ ఉండేది. నలభై, యాభై, అరవై. నాలుగోవాడు రోజూ పొద్దున్నే దాన్ని చూసి తన ఆస్తి పెరిగినట్టు సంబరపడేవాడు.

డెబ్భై ఐదు దగ్గర లెక్క ఆగిపోయింది. ఇంకో ఇల్లు కట్టినా ఇంకో మనిషి పుట్టలేదు. ఆ ఆటలో దేశానికి డెబ్భై ఐదుగురే హద్దు.

అదే రోజు గుర్రపు రౌతు దుమ్ము కొట్టుకుని వచ్చాడు. దేశం అంచుల దాకా తిరిగి చూసి రావడం అతని పని. కాబట్టి చూసినదానికి రెండింతలు చెప్పడం కూడా అతని పనే అనుకునేవాడు.

"పడమటివాడు ఏనుగుల్ని లేపాడు. నలభై!" అన్నాడు.

"అంటే ఇరవై," అన్నాడు నాలుగోవాడు.

"ఒరేయ్ బావమరిదీ, నీతో ఇదే వచ్చింది. సరే, ఇరవై. ఇరవై ఏనుగులంటే తక్కువా? ఇంకో చిత్రం చెప్పనా? వాడి ఊళ్ళోనూ ఇలాంటి వంతెనే ఉంది. ఇరవై ఏడు కమానులు. తొమ్మిదో స్తంభం మీద ఇదే పాచి. వాడి రాళ్ళవాడు కూడా చుట్టూ తిరిగే పోతున్నాడు, ముక్కుకు కట్టు కట్టుకుని."

ఏనుగుల సంగతి విన్నాక వేలికి విలుకాళ్ళు కావాల్సి వచ్చారు. చోటేమో లేదు.

ఆ దేశంలో ఖాళీ గంట అని ఒకటి ఉంది. ఎవరైనా పని లేకుండా నిలబడితే ఆకాశంలో గంట మోగుతుంది. వెంటనే ఆకాశమంతా జరిగి వాళ్ళ నెత్తిమీదికి వస్తుంది, వేలు దిగుతుంది, కొత్త పని చూపిస్తుంది. మొన్నటిదాకా గంట మోగితే మంచిదే అనుకునేవాళ్ళు. పని దొరుకుతుంది కాబట్టి.

చెరువులో చేపలు అయిపోయాయి. ఐదుగురు చేపలవాళ్ళు గట్టుమీద నిలబడ్డారు. గంట మోగింది. వేలు దిగి మొదటివాడి తల తాకింది, వలయం వెలిగింది. వాడు "చిత్తం" అన్నాడు. వేలు ఏ పనీ చూపించలేదు. వాడు అక్కడికక్కడే దబ్బున కూలాడు. కాసేపటికి వాడు పడినచోట గడ్డి తప్ప ఏమీ లేదు. చావిడిలోంచి ఒక విలుకాడు మీసం దువ్వుకుంటూ బయటికి వచ్చాడు.

ఐదుసార్లు దబ్బుమన్న చప్పుడు వినిపించింది. ఐదుగురు విలుకాళ్ళు వచ్చారు.

ఆ సాయంత్రం ముగ్గురూ మావ పొలం గట్టుమీద కూర్చున్నారు. నాలుగోవాడే ముందు నోరు విప్పాడు. "ఐదు తీసేశారు, ఐదు కలిపారు. లెక్క ప్రకారం తప్పేం లేదు."

"ఎవరి లెక్క?" అంది అక్క.

వాడు మట్టిలో గీసినదాన్ని కాలితో చెరిపేశాడు.

అక్క పొదలో అప్పటికి తొమ్మిది పళ్ళు మిగిలాయి. వాడి గనిలో నలభై రాళ్ళు మిగిలాయి. మర్నాటి నుంచి అక్క ఒక్కో పండు కోసి, బుట్టలో పెట్టి, బుట్ట నెత్తిన పెట్టుకుని, ఏనుగు బరువు మోస్తున్నట్టు ఆయాసపడుతూ చావిడికి తీసుకుపోవడం మొదలుపెట్టింది.

"అదేంటక్కా? బుట్టకు పది పడతాయిగా?"

"పడతాయి. తొమ్మిదీ ఒకేసారి తెస్తే ఒక్క ప్రయాణం. ఒక్కోటీ తెస్తే తొమ్మిది ప్రయాణాలు. నువ్వు నేర్పిన విద్యేరా నాయనా."

నాలుగోవాడు ఆమెను గురువుగారిని చూసినట్టు చూశాడు. ఆ క్షణం నుంచి వాడూ తట్టలో ఒక్క రాయే వేసుకున్నాడు. నలభై రాళ్ళు, నలభై ప్రయాణాలు. పోను నలభై ఆరు, రాను నలభై ఆరు. మొత్తం మూడు వేల ఆరు వందల ఎనభై అడుగులు. మొన్నటిదాకా దండగ అనుకున్న ఆ చుట్టుదారి ఇప్పుడు వాడి ఆయుష్షు అయింది. చివరి స్తంభం దగ్గర తిరిగేటప్పుడు దాన్ని చేత్తో తడిమి మరీ తిరిగేవాడు.

ఎంత నెమ్మదిగా నడిచినా తొమ్మిది తొమ్మిదే. మూడో రోజుకి పొదలో ఒక్క పండు మిగిలింది.

అక్క ఆ పండు కోసింది. బుట్టలో వెయ్యలేదు. ఎండకు ఎత్తిపట్టి అటూ ఇటూ తిప్పి చూసి, నోట్లో వేసుకుంది.

గని నుంచి వస్తున్న నాలుగోవాడు అది చూసి నిలువునా బిగుసుకుపోయాడు. దేశం పుట్టినప్పటి నుంచి పండు కొయ్యడమే గాని తిన్నవాళ్ళు లేరు. పండ్లు చావిడిలో పడితే ఆకాశంలో తిండి లెక్క పెరుగుతుంది. అక్కడితో పండు పని అయిపోతుంది.

"అక్కా! అది లెక్కలోకి రాలేదు!"

"తియ్యగా ఉందిరా," అంది అక్క. ఆమె మొహంలో పెద్ద ఆశ్చర్యం కనిపించింది. "ఇన్నాళ్ళూ ఇవి తియ్యగా ఉన్నాయి."

గంట మోగింది.

అక్క బుట్ట అక్కడే వదిలేసింది. పరుగెత్తలేదు, దాక్కోలేదు. గింజను నాలుకతో అటూ ఇటూ తిప్పుకుంటూ, పైనున్న రాతి కాలువను చూసుకుంటూ, వంతెన వైపు నడిచింది. ఆకాశం జరిగింది. వేలు దిగింది. అప్పటికి అక్క పద్నాలుగో కమాను కింద ఉంది. వేలు స్తంభాన్ని తాకింది, వలయం వెలగలేదు. కమానును తాకింది, వెలగలేదు. నాలుగుసార్లు టకటకమని రాయిని కొట్టి, విసుగ్గా వెనక్కి పోయింది.

ఆకాశం మూలన డెబ్భై ఐదు కాస్తా డెబ్భై నాలుగు అయింది. కానీ దబ్బుమన్న చప్పుడు రాలేదు. నాలుగోవాడు చెవులు రిక్కించి మరీ విన్నాడు. రాలేదు.

వాడు కమాను దగ్గరికి పరుగెత్తాడు. కమానులోంచి చూస్తే అవతల అక్క నిలబడి ఉంది. చీర కుచ్చెళ్ళు పైకెత్తి పట్టుకుంది. పాదాలు తడిసి ఉన్నాయి.

ఆ దేశంలో తడి అన్నది వాడెప్పుడూ చూడలేదు. చెరువు కూడా నీలంగా ఉంటుందే గాని తడపదు.

వాడు నలభై ఆరు అడుగులూ ఉరుకుతూ చుట్టూ తిరిగి అవతలికి పోయాడు. గని ఉంది, గడ్డి ఉంది, అక్క లేదు. కమానులోంచి చూస్తే ఇప్పుడు ఆమె ఇవతలి వైపు ఉంది, ఇందాక వాడు నిలబడ్డ చోట. మళ్ళీ చుట్టూ తిరిగాడు. మళ్ళీ అవతల ఉంది. నాలుగోసారి తిరిగి వచ్చేసరికి వాడికి రొప్పు వచ్చింది. అక్కకు నవ్వు వచ్చింది.

"ఎన్నిసార్లు తిరుగుతావురా?"

"నాలుగు. నూట ఎనభై నాలుగు అడుగులు. అక్కా, నువ్వెలా పోయావు అటు?"

"ఏమో. నడిచాను."

"ఏ కాలు ముందు పెట్టావు?"

"చూసుకోలేదు."

"ఎన్ని అడుగులు పట్టింది?"

"గింజ ఊసేటంత."

వాడు జుట్టు పీక్కోబోయాడు. తలపాగా అడ్డం వచ్చింది. తట్ట నెత్తినే పెట్టుకుని, ఊపిరి బిగబట్టి, ఒకటి, రెండు, మూడు అని పైకే లెక్కపెడుతూ కమానులోకి నడిచాడు. ఆరు దాకా అయింది. ఏడు దగ్గర ముక్కు గాలికి కొట్టుకుంది. ఈసారి ఎడమకాలితో మొదలుపెట్టాడు. ఏడు. కళ్ళు మూసుకుని పోయాడు. ఏడు. వెనక్కి తిరిగి వీపుతో పోయాడు. ఏడు దగ్గర వీపు కొట్టుకుంది, అదొక్కటే తేడా.

"ఎక్కడికి వస్తున్నావు?" అని అడిగింది అక్క.

"నీ దగ్గరికి."

"ఎందుకు?"

"అక్కడైతే వేలు పట్టుకోలేదు కాబట్టి."

"ఎంత దూరం?"

"పన్నెండు అడుగులు."

"మరి చూశావా," అంది అక్క. వంగి చేత్తో నీళ్ళు తీసి మొహం కడుక్కుంది. ఒక చుక్క కమానులోంచి ఎగిరి వచ్చి వాడి చెంపమీద పడింది. చల్లగా ఉంది. ఎంత చల్లగా ఉందో చెప్పడానికి వాడి దగ్గర కొలత లేదు.

పొలంలోంచి మావ ఇదంతా చూస్తున్నాడు. ఆయన పొలం కూడా ఇంకో నాలుగు కోతల్లో అయిపోతుంది. మళ్ళీ విత్తనం వెయ్యాలంటే అరవై కలప కావాలి. కలపంతా విల్లులకు పోతోంది. ఆ సంగతి ఆయనకూ తెలుసు.

"ఒరేయ్, అటు పోవడానికి ఎంత పడుతుందిరా?" అని కేకేశాడు.

"ఏమీ పడదు మావా!"

మావ నాగలి వదిలేసి తల గోక్కున్నాడు. "అయితే మంచిది అయ్యుండదు," అని మళ్ళీ నాగలి పట్టాడు. కానీ ఆ తర్వాత సాలు వంకరగా పోయింది. ఆయన సాలు వంకరపోవడం నాలుగోవాడు అంతకుముందెప్పుడూ చూడలేదు.

గనిలో మూడు రాళ్ళు మిగిలాయి. తర్వాత రెండు. వాడు ప్రతి ప్రయాణంలోనూ పద్నాలుగో కమాను దగ్గర ఒక్క క్షణం ఆగేవాడు. నిలబడితే గంట మోగుతుందని కాళ్ళు ఉన్నచోటే ఆడిస్తూ ఉండేవాడు. అవతల అక్క ఒకసారి రాతిమీద కూర్చుని తల ఆరబెట్టుకుంటూ కనిపించింది. ఇంకోసారి కనిపించలేదు, పాట మాత్రం వినిపించింది. పాటకు తాళం వేద్దామని వేళ్ళు మడిచి లెక్కపెట్టబోయాడు. పాట వెంటనే సన్నగిల్లింది. భయపడి చేతులు వెనక్కి పెట్టుకున్నాడు. పాట మళ్ళీ దగ్గరికి వచ్చింది.

చివరి రాయి తట్టలో వేసుకున్నప్పుడు గని ఉన్నచోట గడ్డి మొలిచింది. వాడు చుట్టుదారి పట్టాడు. చివరి స్తంభం తడిమాడు, తిరిగాడు. పద్నాలుగో కమాను దగ్గరికి వచ్చాడు. చావిడి ఇంకా కొద్ది దూరం ఉంది. ఈ రాయి అక్కడ వేసేస్తే పని అయిపోతుంది. ఆకాశంలో రాయి లెక్క ఒకటి పెరుగుతుంది. ఆ ఒకటి తనదే.

వాడు తట్ట దించాడు. అందులోని రాయిని తీసి చూశాడు. ఇన్నాళ్ళూ మూడు వందల యాభై కొట్టాడు గాని ఒక్కదాన్నీ చూడలేదు. ఇది కోడిగుడ్డంత ఉంది. ఒకవైపు బూడిదరంగు, ఇంకోవైపు లేత ఎరుపు, మధ్యలో సన్నటి తెల్లటి గీత. ఎంత చూసినా ఇంకా కొంచెం చూడాలనిపించింది. వంగి దాన్ని పద్నాలుగో స్తంభం మొదట్లో, గడ్డి మధ్యన పెట్టాడు. అక్కడ బాగుందనిపించింది.

గంట మోగింది.

ఆకాశం జరిగి వాడి నెత్తిమీదికి వచ్చింది. వేలు దిగింది. కాళ్ళ కింద పచ్చటి వలయం వెలిగింది. "చిత్తం" అనడానికి నోరు తనంతట తనే తెరుచుకోబోయింది.

"ఏం చేస్తున్నావురా అక్కడ?" పొలంలోంచి మావ అరిచాడు.

"ఏమీ లేదు మావా," అన్నాడు నాలుగోవాడు.

పైన, రాతి కాలువలో, నీళ్ళు పోతున్న చప్పుడు వినిపించింది. వాడు తల ఎత్తి దానివైపే చూస్తూ ఒక కాలు ఎత్తాడు. "ఒకటి" అనబోయి, నోరు మూసుకున్నాడు.